కరిముల్లా గారి వ్యాను ఎడమ తలుపు

మా బావ జీవరత్నం ఉయ్యూరు చుట్టుపక్కల పేరున్న వంటమాస్టరు. గుండిగెడు బియ్యం ఉడుకుతుంటే ఒక్క మెతుకు పట్టుకు చూసి మంట తీసేయిస్తాడు. అదే మనిషి చెప్పులు కొనాలంటే నాలుగు సంతలు తిరుగుతాడు. ఈలోపు పాతవి తెగి, ఉత్తకాళ్లతో ఇంటికొస్తాడు. అలాంటివాడికి వ్యాను కొనే పని పడింది.

పని పెట్టింది మా అక్క హన్నా. పెళ్లయినా, చర్చివాళ్ల కృతజ్ఞతా కూటమైనా మసాలా నూరేది అక్కే. ఆ చెయ్యి పడకపోతే బావ బిర్యానీ ఉత్త పలావే. కానీ అద్దె ట్రాలీ ఆటోలో డ్రైవరు పక్కన బావ, వెనక గిన్నెల మీద అక్క. దారి చెప్పాలి కదా అంటాడు ఆయన. కిందటి నెల కంకిపాడు మలుపులో గుండిగ మూత ఎగిరిపోతుంటే పట్టుకోబోయి అక్క కూడా పడబోయింది. ఇంటికొచ్చి మసి అంటిన చీర బావ ముందు పడేసింది.

"ఇక గిన్నెల మీద కూర్చోనండీ. నాకు సీటున్న బండి వస్తే వస్తా. లేకపోతే మసాలా మీరే నూరుకోండి."

బావ హడలిపోయాడు. నన్ను వెంటేసుకుని బెజవాడంతా తిరిగాడు. అమ్మేవాళ్ల మాట వింటే, చూసిన ప్రతి వ్యానూ ఏ డాక్టరుగారిదో, ఆదివారం తప్ప బయటికి తీయనిదే! సీట్లు చిరిగి స్పాంజి బయటికొచ్చినా మీటరు మాత్రం నిన్న పుట్టినట్టుంటుంది. చివరికి షామియానాలు అద్దెకిచ్చే కరిముల్లా గారి వ్యాను చూశాం. మీటరు మూడు లక్షలు దాటింది.

"మూడు లక్షల కిలోమీటర్లా!" అని బావ గుండె పట్టుకున్నాడు.

"తిరిగింది కదండీ మరి. మీటరైతే వెనక్కి తిప్పిస్తారు, ఇంజన్ని ఎవరు తిప్పుతారు?" అన్నారు కరిముల్లా గారు. "ఇంజను మొన్నే చేయించా. హారను దానికిష్టమైనప్పుడు మోగుద్ది. ఎడమ తలుపు లోపల్నించి రాదు, బయట నుంచి ఎవరన్నా తియ్యాల్సిందే. ఆదివారం దాకా మీ దగ్గరే ఉంచుకుని చూసుకోండి."

నాకు మనిషి నచ్చాడు. బావకి అదే అనుమానమైంది. "అడక్కుండానే ఇన్ని చెప్పాడంటే, చెప్పనివి ఎన్నున్నాయోరా!"

వ్యాను వాకిట్లోకొచ్చింది. ఒక మెకానిక్కు బంగారమన్నాడు, ఇంకొకడు పాత ఇనుమన్నాడు. శనివారానికి కూడా బావ గోడ మీద పిల్లిలాగే ఉన్నాడు. సోమవారం మైలవరంలో పెళ్లి వంట. అక్క మాట్లాడ్డం మానేసింది. చివరికి బావ భారం దేవుడి మీద పెట్టాడు. "చర్చి అయ్యగారి చేత ప్రార్థన చేయిద్దాం. కొనాలో వద్దో ప్రభువే తేలుస్తాడు."

ఆదివారం వ్యాను శుభ్రంగా కడిగి చర్చి ముందు పెట్టాడు. అక్కడే దెబ్బతిన్నాడు. మా సంఘంలో కడిగిన బండి చర్చి ముందు నిలబడి, పక్కన మనిషి తలొంచుకుని నిలబడితే దానికి ఒకటే అర్థం, బండి కొన్నాడని. "బండి విషయం ప్రార్థన చెయ్యాలండి" అన్నాడే గానీ బావ ఏం విషయమో చెప్పలేదు. ఫిలిప్ అయ్యగారు అలవాటు ప్రకారం బానెట్ మీద చెయ్యేసి అందుకున్నారు.

"ప్రభువా, నీ దాసుడు జీవరత్నానికి ఈ వాహనాన్ని అనుగ్రహించినందుకు నీకు స్తోత్రం! దీని చక్రాలకు నీ దూతలను కావలి ఉంచు!"

సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టి ఆమెన్ మా అక్కది. బావ ఒక కన్ను తెరిచాడు.

"అయ్యగారూ, ఇంకా కొనలేదండీ" అని గొణిగాడు.

అయ్యగారు బానెట్ మీంచి చెయ్యి తీసేశారు. "ముందే చెప్పొద్దటయ్యా? స్తోత్రం చెప్పేశాం. వెనక్కి తీసుకునే ప్రార్థన నాకు రాదు."

అప్పటికే ఆడవాళ్లు స్వీట్లేవని అడుగుతున్నారు. బావని చూస్తే నాకే జాలేసింది. అక్క కోసం వెతికాడు. అక్క వ్యాను ముందు సీట్లో, ఎడమవైపు కూర్చునుంది. ఒళ్లో బైబిలు. ఒంటి మీద తెల్లచీర.

"దిగు హన్నా. ఇంకా ఆలోచించాలి."

"తలుపు లోపల్నించి రాదటగా. వద్దనుకుంటే మీరే తియ్యండి, దిగుతా" అంది అక్క నెమ్మదిగా.

బావ హ్యాండిల్ మీద చెయ్యేశాడు. ఇన్నేళ్లూ అక్క గిన్నెల మీద ఊగుతూ వస్తుంటే ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు అద్దంలోంచి చూశాడు. మెతుకు పట్టుకు చూడ్డానికి ఎంతసేపు పడుతుందో అంతసేపే. చెయ్యి తీసేసి, అటు తిరిగి వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కరిముల్లా గారికి ఫోన్ చేశాడు.

"బండి నాదేనండీ."

"సంతోషమండీ. ఆ ఎడమ తలుపు నేనే బాగుచేయించి ఇస్తాలెండి."

"వద్దండీ," అన్నాడు బావ. "అది నేను తీస్తాను."

మర్నాడు మైలవరంలో పెళ్లివారందరూ చూస్తుండగా బావ చుట్టూ తిరిగొచ్చి అక్కకి తలుపు తీశాడు. వెనక గిన్నెల మీంచి నన్ను దించడానికి మాత్రం ఎవరూ రాలేదు.