సున్నం కింద పోయిన గీత

మా సోషల్ మాస్టారు పోయారు. తెనాలిలో మంగళవారం పోతే, నాకు కబురు గురువారం తెలిసింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన దగ్గర నేనొక తప్పు ఒప్పుకోవలసి ఉంది. ఏళ్ళ తరబడి రేపనీ ఎల్లుండనీ దాటవేశాను. ఇక మీకే చెప్పుకోవాలి.

ఎనభైల్లో ఆయన రోజూ రైల్లో రేపల్లె వచ్చి మాకు భూగోళం చెప్పేవారు. ఆదివారాలు సైకిలు మీద సముద్రం పక్కనున్న మా ఊరొచ్చేవారు. వెంట టేపు, తాపీమేస్త్రీలు ఎత్తుపల్లాలు చూసే నీళ్ళ ట్యూబు, డబ్బాలో తారు. పాత ఉప్పెనలో నీళ్ళు ఎందాకా వచ్చాయో ఇల్లిల్లూ తిరిగి అడిగేవారు. గోడలు మిగలని చోట మనుషులనే కొలిచేవారు. మా పెద్దమ్మ మెడ మీద చెయ్యి పెట్టుకుని, "ఇదిగోండి, ఇక్కడిదాకా" అంది. "కదలకమ్మా" అని మడమ నుంచి మెడ వరకు టేపు పట్టారు.

"రవికె కుట్టిస్తారేంటండీ మాస్టారూ?" అని పెద్దమ్మ అంటే పేటంతా నవ్వింది. ఆయనా నవ్వారు, కొలత మాత్రం రాసుకున్నారు. ఊళ్ళో నిలిచిన గోడ ఒక్క చర్చిదే. దాని మీద తారుతో గీత గీశారు.

ఆ కొలతలతో మ్యాపు వేశారు. గవర్నమెంటు మా ఊరికిచ్చిన తుఫాను షెల్టరు ఇసుకదిబ్బ మీద కట్టాలని ఆయన పట్టు. ఒక ఆసామి ఉచితంగా ఇచ్చిన స్థలం రోడ్డు పక్కనుంది, కానీ పల్లం. "నీళ్ళు పట్టా చూసి ఆగుతాయేంట్రా?" అనేవారు. మ్యాపు పట్టుకుని బాపట్ల ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆ రోజుల్లోనే ఉప్పెనల మీద పరిశోధన చేసే ఒక విదేశీ ఆవిడ వస్తే నకలు ఇచ్చారు.

"మన నీళ్ళ గొడవ వాళ్ళకెందుకండీ?" అన్నాను.

"వాళ్ళకీ సముద్రం ఉందిరా. వాళ్ళ లెక్కలు మనకిస్తారు, మన మెడలూ నడుములూ వాళ్ళకిద్దాం."

చివరికి బాపట్ల నుంచి ఆఫీసరు గీతను కళ్ళారా చూస్తానని వచ్చాడు. అది క్రిస్మస్ వారం. అంతకు రెండ్రోజుల ముందే చర్చికి సున్నం వేసింది నేను. పండగ పూట గోడ మీద నల్ల మరకేంటని తారు గీకేసి మరీ రెండు పూతలు వేశాను. అది దేనికి గీశారో తెలిసే వేశాను.

"ఏదండీ మీ గీత?" అన్నాడు ఆఫీసరు.

మాస్టారు తెల్లటి గోడను చూశారు, సున్నానికి పగిలిన నా చేతులు చూశారు. "ఉండేదండి" అన్నారు, అంతే. షెల్టరు పల్లంలోనే లేచింది.

ఆ తర్వాత వచ్చిన పెద్ద తుఫానుకి, గవర్నమెంటు బిల్డింగని నమ్మి పెద్దమ్మ అందులోకే వెళ్ళింది. తెల్లారాక ఆమెను బయటికి మోసిన నలుగురిలో నేనొకణ్ణి.

మూడో రోజు మాస్టారు టేపూ తారూ పట్టుకుని వచ్చారు. టేపు కింది కొస నన్ను పట్టుకోమన్నారు. షెల్టరు లోపలి గోడ మీద నీళ్ళు నిలిచిన ఎత్తున గీత గీసి, డబ్బా మూతపెట్టి, "ఈసారి దీని చుట్టూ వేసుకో సున్నం" అన్నారు. టేపు చుట్టి ఆయన చేతికిచ్చాను. అప్పుడే ఒప్పుకుని ఉండవలసింది.

కొన్నాళ్ళకు ఆ విదేశీ ఆవిడ పుస్తకం పంపింది. అందులో ఆయన మ్యాపు అచ్చయి ఉంది. అప్పుడుగానీ ఆఫీసు వాళ్ళు ఆయన్ని పిలిపించుకోలేదు. ఇప్పుడు మా వైపు ఏ షెల్టరు కట్టాలన్నా ముందు పాత నీటి గీతలు కొలుస్తున్నారు. దిబ్బ మీదా ఒకటి కట్టారు. "మన మ్యాపు ఓడెక్కి వస్తేగానీ బాపట్ల చేరలేదురా" అన్నారు ఆయన. నవ్వుతూ అనలేదు.

తెనాలి నుంచి వచ్చిన మర్నాడు పాత షెల్టరుకి సున్నం వేశాను, గీత చుట్టూ. పెద్దమ్మ మడమ నుంచి మెడ దాకా ఆయన రాసుకున్న కొలత నాకు కంఠతా వచ్చు. టేపు పెట్టి, గోడ మీద అంత ఎత్తున వేలు ఆనించాను. గీత ఇంకా జానెడు పైన ఉంది.