గీత కింద చుక్కలు

మా ఇంట్లో నీళ్ల ఫిల్టరుకు జరిగే మర్యాద నాకు జరగదు. దానికి కాస్త ఒంట్లో బాగాలేకపోతే చాలు, కంపెనీ మనిషి బండి వేసుకుని వచ్చి, దాని పొట్ట విప్పి, లోపల పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకి, "మీ బోరు నీళ్లు శానా ఘోరం సార్" అని, ఆ బోరును నేనే కన్నట్టు నా వంక చూస్తాడు. నా మోకాళ్లు ఇన్నేళ్లుగా నొప్పెడుతున్నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి చూసినవాడు లేడు. సరే, దాని అదృష్టం దానిది. కానీ మొన్న అతను ఆ తెల్లటి పొరను ఒక కాగితం మీద రాల్చి, సాక్ష్యం చూపించినట్టు నా ముందు పెట్టినప్పుడు మాత్రం, ఫిర్యాదు చేయాలన్న ఉత్సాహం పోయి, ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను. అంత పొడి వల్లే నేను డాక్టరును కాలేకపోయాను. మందులిచ్చే డాక్టరు కాదు, పేరు ముందు పెట్టుకునే డాక్టరు.

నా ఈడువాళ్లు పాత ట్రాన్సిస్టరు రేడియోను ఒక్కసారైనా విప్పి, మళ్లీ బిగించడం రాక ఇంట్లో తిట్లు తినే ఉంటారు. అందులో నల్లగా, సుద్దముక్కలా పెళుసుగా ఉండే ఒక కడ్డీ కనిపిస్తుంది. ఆ జాతి అయస్కాంత పదార్థాలను ఫెర్రైట్లు అంటారు. కర్నూలు వైపు ఒక కాలేజీలో, దాని పేరు చెప్పినందువల్ల ఇప్పుడెవరికీ ఒరిగేది లేదు కనుక చెప్పను, నేను వాటి మీద పరిశోధన చేసేవాణ్ణి. పని దాదాపు వంటపనే. ఇనుప తుప్పులాంటి ఎర్రటి పొడిలో మాంగనీసు, జింకు పొడులు కలిపి, నీళ్లు పోసి మెత్తగా రుబ్బి, ఆరబెట్టి, బిళ్లలుగా నొక్కి, కొలిమిలో కాల్చి, ఆ తర్వాత ఒక్కో బిళ్ల కరెంటు పెట్టినప్పుడు ఎంత శక్తిని వేడి కింద తగలేస్తుందో కొలవడం. తగలేసేది ఎంత తక్కువైతే బిళ్ల అంత మంచిది. మా అమ్మకు ఇదంతా ఒకసారి ఓపికగా వివరిస్తే, ఇన్నేళ్లు చదివి నేర్చుకున్నది రుబ్బడమా అని అడిగింది. అంతకంటే క్లుప్తంగా నా పరిశోధనను ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మా గైడుగారు మంచి మనిషి. ఇది ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే తర్వాత చెప్పడానికి అవకాశం రాకపోవచ్చు. పిల్లల ఫీజులు తన జేబులోంచి కట్టేవారు, జ్వరమొస్తే హాస్టలుకు జావ పంపేవారు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, నున్నటి గీత. గ్రాఫు కాగితం మీద మేము కొలిచిన విలువలను చుక్కలుగా పెడితే, ఆయన వంపు స్కేలు తీసి వాటి మీదుగా చూడముచ్చటైన గీత ఒకటి లాగేవారు. గీతకు దూరంగా పడిన చుక్క ఏదైనా ఉంటే దాని వంక జాలిగా చూసి, "వోల్టేజీ అప్పా" అని రబ్బరుతో తుడిచేసేవారు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంత వస్తుందో తెలియని రోజులవి గనుక ఆ మాటకు ఎదురు చెప్పడానికి వీలుండేది కాదు. క్రమంగా అది మా ల్యాబులో ఆచారమైపోయింది. బిళ్ల పగిలితే వోల్టేజీ, రుబ్బే యంత్రం మొరాయిస్తే వోల్టేజీ, మెస్సులో సాంబారు నీళ్లగా ఉన్నా వోల్టేజీయే.

ల్యాబులో నాకంటే ముందు చేరిన ఒకావిడ ఉండేది. అందరం అక్క అని పిలిచేవాళ్లం. ఎమ్మిగనూరు వైపు మగ్గం నేసే ఇంటి ఆడపిల్ల, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. నాకు పొడులు తూచడం, కొలిమి దగ్గర ఒళ్లు కాల్చుకోకుండా నిలబడడం నేర్పింది ఆమే. నేను చేరిన కొన్నాళ్లకే పట్టా తీసుకుని లెక్చరరు అయింది. గైడుగారికి ఆమె థీసిస్సంటే ఎంత ఇష్టమంటే, అందులోని గీతలను మాకు పటాల్లా చూపించేవారు.

ఇక నీళ్ల సంగతి. రుబ్బడానికి పోసేది డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి, అంటే ఏ లవణమూ లేని శుద్ధమైన నీళ్లు. వాటిని తయారుచేసే గాజు యంత్రానికి పక్కన కొళాయి నీళ్లు ఆగకుండా పారుతుండాలి. ఎండాకాలంలో మా కొళాయికి పారే అలవాటు లేదు. అందువల్ల మార్చి పోయేసరికి ఆ యంత్రానికి గుడ్డ కప్పి, హాస్టలు వెనక బోరింగు నుంచి బకెట్లతో తెచ్చిన నీళ్లు పోసి రుబ్బేవాళ్లం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నేను చేరేనాటికే అది పద్ధతి. ఆ నీళ్లతో టీ కాస్తే గిన్నె అడుగున సున్నం పేరుకునేది. థీసిస్సుల్లో మాత్రం అందరూ డిస్టిల్డ్ వాటర్ అనే రాసేవాళ్లు, ఏడాదిలో ఎక్కువ కాలం అది నిజమే కాబట్టి.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్లి మా ఊరి సంగతి చెప్పాలి. కమలాపురం దగ్గర మాది. నాయనకు నాలుగెకరాల మెట్ట, ఒక ఎండిన బావి, చర్చిలో ముందు వరసలో చాప మీద చోటు ఉండేవి. ప్రతి ఆదివారం పాస్టరు అయ్యగారు వానల కోసం, రోగుల కోసం, లారీల మీద పోయే డ్రైవర్ల కోసం ప్రార్థించాక, నాయన లేచి నిలబడి మావాని థీసిస్సు కోసం కూడా అని అడిగేవాడు. సంఘమంతా కళ్లు మూసుకుని నా థీసిస్సు కోసం ప్రభువును వేడుకునేది. సెలవులకు పోయినప్పుడు మా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆ తీసీసు తగ్గిందా నాయనా, ఇంగా మందులు తింటాండావా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంకా తగ్గలేదని చెప్పాను. అబద్ధం కాదు.

నా చుక్కలు నన్ను మొదటినుంచీ ఇబ్బంది పెట్టాయి. గీతకు దూరంగా పడినవన్నీ గీతకు కిందనే పడేవి, అంటే ఆ బిళ్లలు ఉండాల్సినదాని కంటే మంచిగా ఉన్నాయన్నమాట. తప్పు అనేది గుడ్డిది, ఒకసారి పైకి తప్పుతుంది, ఒకసారి కిందికి తప్పుతుంది. ఎప్పుడూ ఒకే పక్కకు పోయే తప్పుకు కళ్లున్నాయని అర్థం. వ్యవసాయ శాఖలో పనిచేసే మా మామ దగ్గర వేరుశనగ పంట ప్రయోగాలకు పనికొచ్చే గణాంకాల పుస్తకం ఒకటుంటే తెచ్చుకుని చదివాను. తర్వాత నా బిళ్లలన్నిటినీ తయారైన నెలను బట్టి విడదీసి చూస్తే, గీత కింద చుక్కలన్నీ ఎండాకాలం సంతానం.

ఇది కాకతాళీయమా కాదా తేల్చాలంటే ఇప్పుడైతే కంప్యూటరుకు ఒక మాట చెబితే సరిపోతుంది. మాకు కంప్యూటరు లేదు, బిస్కెట్ల డబ్బా ఉంది. విలువలన్నీ చీటీల మీద రాసి, డబ్బాలో వేసి, బాగా ఊపి, ఎండాకాలం బిళ్లలు ఎన్నున్నాయో అన్ని చీటీలు కళ్లు మూసుకుని తీసి, వాటి సగటు కట్టడం, మళ్లీ అన్నీ వేసి ఊపడం. గుడ్డిగా తీసిన చీటీల సగటు కూడా అప్పుడప్పుడూ మా ఎండాకాలం సగటంత కిందికి వస్తే, అది అదృష్టం. ఎన్నిసార్లు తీసినా రాకపోతే, నీళ్లలోనో మరెక్కడో కారణం ఉన్నట్టు. హాస్టలు మిత్రులందరూ వంతులు వేసుకుని మరీ తీశారు. ఒక రోజు గైడుగారు లోపలికి వచ్చి, మేము డబ్బా చుట్టూ చేరి కేకలు వేస్తుండడం చూసి, "ఏమప్పా, ల్యాబులో లాటరీ నడుపుతాండారా?" అన్నారు. లాటరీలో అయినా ఎవరికో ఒకరికి తగులుతుంది. మా డబ్బాలో అంత తక్కువ సగటు ఎవరి చేతికీ తగలలేదు.

ఇంకా అనుమానం తీరక, కొళాయి బాగా పారుతున్న చలికాలంలో కావాలనే బోరు నీళ్లు పోసి ఒక విడత బిళ్లలు చేశాను. చుక్క బుద్ధిగా వెళ్లి గీత కింద కూర్చుంది. మా రాయలసీమ సున్నపు నీళ్లు, మనుషుల పళ్లూ ఎముకలూ ఏం చేసినా, అయస్కాంతాలకు మాత్రం మేలు చేస్తున్నాయి. నా జీవితంలో అంత సంతోషపడ్డ రోజు మరొకటి లేదు. పెళ్లిరోజును కలుపుకునే చెబుతున్నాను, ఇంట్లో ఇది చదవరు.

ఆ సంతోషాన్ని ఒక అధ్యాయంగా రాసి గైడుగారి బల్ల మీద పెట్టాను. ఆయన నన్ను పిలిపించి, తలుపు దగ్గరికి వేయమని, ఆ కాగితాలను ఒక్కొక్కటే తిప్పి చూశారు.

"లెక్క తప్పు లేదప్పా," అన్నారు చివరికి. "అదే నా బాధ. ఇది అచ్చయితే ముందు నన్ను అడిగేదేమి? ఇంతకుముందు పట్టాలు తీసుకున్నోళ్లంతా ఏ నీళ్లు పోసినారని అడగరా?"

"అడిగితే చెబుదాం సార్."

"ఏమని చెప్తావు? మీ అక్క థీసిస్సులో డిస్టిల్డ్ వాటర్ అని రాసి ఉండాది. ఆయమ్మ ఉద్యోగానికి నువ్వు జవాబు చెప్తావా?"

ఆయన కాస్త మెత్తబడి, ఈ అధ్యాయం తీసేసి, ఎండాకాలం చుక్కలు తుడిచేసి పట్రా, పొద్దున్నే సంతకం పెడతాను, ఫలానా కాలేజీలో ఖాళీ ఉంది, నేను చెబితే ఇస్తారు అన్నారు. పేర్లెవరివీ లేకుండా, ఎండాకాలంలో బోరు నీళ్లు వాడామని ఒక్క వాక్యం రాసి చుక్కలు ఉంచుకుంటాను సార్ అన్నాను. ఆ ఒక్క వాక్యమే వద్దన్నారు. థీసిస్సు కట్టను తీసి తన ఇనుప బీరువాలో పెట్టుకున్నారు. తాళం వేసిన చప్పుడు వినడానికి చాలా మామూలుగా ఉంది.

ఆ తర్వాత బస్సెక్కి అక్క పనిచేసే ఊరికి వెళ్లాను. విని ఆమె ఆశ్చర్యపోలేదు. "నా చుక్కలు కూడా కిందనే పడిండేవిరా. తీసేయమన్నారు, తీసేసినా. నాకు ఉద్యోగం కావల్ల అప్పుడు," అంది. తన పేరు బయటికి వస్తుందేమోనని భయపడి వద్దంటుందనుకున్నాను. అదీ అనలేదు, రాయమనీ అనలేదు. అన్నం పెట్టి, నెయ్యి వేసి, బస్సుకు టైమయిందని చెప్పింది.

బీరువా నాకోసం తెరుచుకోలేదు. నేనూ చుక్కలు తుడుస్తానని వెళ్లి తట్టలేదు. ఫెలోషిప్పు గడువు తీరింది. ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో చేరి, పదవీ విరమణ దాకా అక్కడే ఉన్నాను. అక్కడ నా పని వచ్చిన రాయిలో సున్నం ఎంత ఉందో తేల్చడం. దేవుడికి హాస్యం తెలుసునని మా చర్చిలో ఎవరూ బోధించలేదు గాని, నాకు నమ్మకం కుదిరింది. నాయన మాత్రం పోయేదాకా ఆదివారాలు లేచి నిలబడుతూనే ఉన్నాడు. చివరి పరీక్షేదో మిగిలిందనీ, అదయితే అయిపోతుందనీ ఆయన ఉద్దేశం. అయిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇందులో చేదు అదొక్కటే అయితే మింగేసేవాణ్ణి. ఫ్యాక్టరీలో ఉండగా పింగాణీ, సిరామిక్కుల మీద ఒక పాత విదేశీ సంపుటం చేతికొచ్చింది. ఫెర్రైట్లలో చిటికెడు సున్నం కలిపితే శక్తి నష్టం తగ్గుతుందని అక్కడివాళ్లకు నేను డబ్బా ఊపడానికి చాలా ముందే తెలుసు. కావాలనే కలుపుతున్నారట. మా లైబ్రరీకి ఆ పత్రికలు వచ్చేవి కావు, మాకు తెలియలేదు. అంటే నేను పట్టా వదులుకున్నది కొత్త సంగతి కోసం కూడా కాదు. అందరికీ తెలిసిన నిజాన్ని, మా ఒక్క ల్యాబులో తుడవనన్నందుకు.

గైడుగారు ఈ మధ్యనే పోయారు. కర్నూలులో సంతాప సభ పెడితే వెళ్లాను. ఎందుకు వెళ్లానని నన్నడిగితే, హాస్టలుకు వచ్చిన జావ గుర్తొచ్చి అనుకోండి. హాలు నిండా ఆయన శిష్యులే. అందరి పేర్ల ముందూ డాక్టరు ఉంది, మైకు పట్టుకున్నవాడికి నా పేరు చదివేటప్పుడు మాత్రం నాలుక తడబడి, చివరికి శ్రీ అన్నాడు. ప్రిన్సిపాలుగా రిటైరైన అక్క వేదిక మీద, తెల్లచీరలో, మధ్య కుర్చీలో ఉంది. సత్యాన్వేషణ అంటే ఏమిటో సార్ దగ్గరే నేర్చుకున్నామని చాలా చక్కగా మాట్లాడింది. నేనూ చప్పట్లు కొట్టాను.

సభ అయ్యాక వరండాలో ఇప్పటి పిల్లలతో కాసేపు మాట్లాడాను. ఇప్పుడు వంపు స్కేళ్లు లేవు, రబ్బర్లు లేవు. గీతకు దూరంగా పడిన చుక్కను యంత్రమే గుర్తుపట్టి, ఉంచమంటారా తీసెయ్యమంటారా అని అడుగుతుందట. ఎవరైనా ఉంచమంటారా అని అడిగితే, వాళ్లలో ఒక అమ్మాయి నవ్వి, అంత టైమెక్కడిది సార్ అంది. మా రోజుల్లో చుక్కను తుడవాలంటే ఒక మనిషి ఇంకో మనిషిని గదిలోకి పిలిచి, తలుపు వేసి, ముఖంలో ముఖం పెట్టి అడగాల్సి వచ్చేది. కనీసం ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆ నిద్రపట్టకపోవడం పోయిందే అని నాకు దిగులు.

అక్క వేదిక దిగి, మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని ఆగింది. ఆయాసం తీర్చుకుని, సంతాప సభ అని కూడా చూడకుండా ఎవరో వేసిన దండను మెడలోంచి తీసి నా చేతిలో పెట్టి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఆ నాలుగు చుక్కలు తీసేసింటే, నువ్వూ ఈ పొద్దు నా పక్కన కుర్చీలో కూర్చోని అబద్ధాలు చెప్తాంటివి గదరా," అంది.