నా నవలకు మైకు కట్టిన బావ

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదిరాయిగానే ఉన్న ఆ రోజుల్లో, రచయిత పని రాయడం వరకేనని, ఆ తరువాతదంతా లోకం చూసుకుంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. లోకానికి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పోర్టు గేటు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ, కంచరపాలెంలో అక్కా బావల ఇంట్లో ఉంటూ, ఒక నవల రాసి సొంతంగా అచ్చు వేయించాను. (దాని పేరు ఇక్కడ చెప్పను. చెబితే ఇది కూడా ప్రచారమే అంటారు.) భీమిలి ఒడ్డున నూకాలు అనే ఆడమనిషి కథ అది. మొగుడు వేటకెళ్లి తిరిగి రాడు. ఆమె సముద్రం వైపు చూసి చూసి చివరి పేజీలో కన్నుమూస్తుంది. అది రాసేటప్పుడు నేనే ఏడ్చాను. పుస్తకం బయటికి రాగానే ఆంధ్రదేశమంతా ఏడుస్తుందని కాచుకుని కూర్చున్నాను.

ఏడవడం మాట అటుంచి, కొనడానికే ఎవరూ రాలేదు. పుస్తకాల షాపాయన నా నవలను పదో తరగతి గైడ్ల వెనక పెట్టాడు. కాస్త ముందు పెట్టండి అంటే, "ముందెడితే గైడ్లు కనబడవు కదండీ" అన్నాడు, నేనేదో అన్యాయం అడిగినట్టు. ఊళ్లో సాహిత్య సంఘం అధ్యక్షుల వారు ఆవిష్కరణకు వచ్చి, నా పుస్తకం చేత్తో పట్టుకుని గంటసేపు తన పుస్తకం గురించి మాట్లాడి, దండ వేయించుకుని, నేనిచ్చిన కాపీని కుర్చీలో వదిలేసి వెళ్లారు. మరిచిపోయారేమోనని వెనకాల పరుగెత్తి ఇస్తే, "ఉంచవోయ్, ఇంకెవరికైనా పనికొస్తుంది" అన్నారు. ఇన్నేళ్ల తరువాత ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. పనికొస్తుందట. నూకాలు ఏమైనా పాత గొడుగా?

అమ్ముడుపోని పుస్తకాల కట్టలన్నీ అక్కావాళ్ల వెనక గదిలో దూలం ఎత్తున పేరుకుపోయాయి. అక్కకు నెలలు నిండుతున్నాయి. ఒకరోజు గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆ కట్టల వైపూ నా వైపూ ఒకే రకంగా చూసింది. "ఒరే తమ్ముడా, బిడ్డ బయటికొచ్చే వేళకి ఆ కట్టలైనా ఎల్లాల, నువ్వైనా ఎల్లాల. ఉయ్యాల నీ నెత్తి మీద కట్టుకుంటానేటి?" అంది. అక్క ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు.

బావ రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఏది ఆగిపోయినా కదిలించవచ్చని ఆయన నమ్మకం. ఆ సాయంత్రం టీ తాగుతూ, "సినిమాలకి జనం ఎలగొత్తన్నారు? మైకు కట్టి ఈదీదీ తిప్పుతారు గాబట్టి. నీ బుక్కుకీ మైకు కడదాం బావా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "సాహిత్యం అంటే అప్పడాలనుకున్నావా బావా, వీధుల్లో అరిచి అమ్మడానికి" అన్నాను. బావ తాపీగా గ్లాసు కింద పెట్టి, "అప్పడాలు అమ్ముడైపోతన్నాయి కదా మరి" అన్నాడు. 

మా పేటలో సినిమా ప్రచారం చేసే పెద్దాయన ఒకడుండేవాడు. రిక్షాకు రెండు పక్కలా అట్టలు కట్టి, మైకులో "నేడే... నేడే..." అంటూ తిరిగేవాడు గనక అందరికీ ఆయన నేడే మావ. ఆయన చదవడానికి నేను ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక ప్రకటన రాసిచ్చాను. సముద్రతీర శ్రమజీవుల అంతరంగ విషాదం, మానవ నిరీక్షణ అని ఏదో ఉంది అందులో. నేడే మావ దాన్ని ఒకసారి చూసి, మడిచి, చెవి వెనక పెట్టుకున్నాడు. "ఇలాటియి నోట్లో తిరగవు బాబూ. నువ్వు బల్ల కాడ కూకో. నాను సూసుకుంటాను" అన్నాడు.

ఆదివారం సాయంత్రం రైలు గేటు పక్క ఖాళీ జాగాలో బల్ల వేసి, పుస్తకాలు పేర్చి, ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాను. పక్క వీధిలోంచి నేడే మావ గొంతు వినబడింది. "నేడే... నేడే... మొగుడి కోసం సంద్రంతో కలబడిన ఆడపులి నూకాలు... కన్నీళ్లు, కత్తిపోట్లు, గుండెలదిరే పోరాటాలు... సకుటుంబ సపరివారంగా రండి... రైలు గేటు కాడ, నేడే..." నా గుండె నిజంగానే అదిరింది. కత్తిపోట్లట. నా నవల మొత్తంలో కత్తి ఒక్క చోటే వస్తుంది, దానితో నూకాలు చేపలు కోస్తుంది. లేచి రిక్షా వెంట పడదామనుకునే లోపలే జనం రావడం మొదలెట్టారు. చాపలు తెచ్చారు. పీటలు తెచ్చారు. చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చారు. ఒక కుటుంబమైతే పకోడీల పొట్లాలతో సహా ముందు వరుసలో సర్దుకుంది. అక్క కూడా నిండు కడుపుతో వచ్చి, ఎవరో ఇచ్చిన స్టూలు మీద కూర్చుంది.

"తెర ఏదీ?" అన్నాడొకాయన. ఇది సినిమా కాదని, నవల అని, చదువుకునేదని వివరించాను. అందరూ ఒకేసారి అందుకున్నారు. "పొయ్యి ఆర్పేసొచ్చాం" అని ఒకామె, "పిల్లలకి ఏటి సెప్పమంటావ్" అని ఇంకొకామె. గొడవ ముదిరేలోగా బావ, అప్పుడే వచ్చి ఆగిన రిక్షాలోంచి మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కత సెప్పీ బావా. ఉత్త సేతుల్తో ఎల్లమంటే ఎల్లరు ఈళ్లు."

చెప్పాను. పడవ కనబడకుండా పోయే చోటికి వచ్చేసరికి నాకే ఊపు వచ్చింది. పకోడీలు నమలడం ఆపేశారు. చివరికి నూకాలు ఒడ్డున కన్నుమూసిందని చెప్పి, తల వంచుకుని నిలబడ్డాను. జనంలో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. చూస్తే అక్క. ఒకే ఇంట్లో ఉంటూ నా నవల ఒక్క పేజీ చదవని మా అక్క. ఆ క్షణం నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. కొంగుతో ముక్కు తుడుచుకుని అక్క నోరు తెరిచేదాకా అది అలాగే ఉంది.

"ఎందుకు సంపేసావురా దాన్ని?"

"నేను చంపడమేంటక్కా. ఎదురుచూసి చూసి..."

"ఎదురుసూత్తే సచ్చిపోతారేటి? మీ బావ డ్యూటీ దిగి రెండ్రోజులు రాకపోతే నాను పాడెక్కీసేనా? వొండుకుని తిని పడుకున్నాను. మనిషి రాలేదని బతకడం మానేత్తారా?"

విషాదాంతం అంటే ఏమిటో, జీవితం ఎంత క్రూరమో నేను మైకులోనే చెప్పబోయాను. "నిండు సూలాల్ని ఏడిపించాడు, ఈడికి కూడు ఎలగెల్తాదో" అని వెనకనుంచి ఎవరో అన్నారు. చాపలు చుట్టేస్తున్నారు. అప్పుడు బావ నా చేతిలో మైకు లాక్కుని, జీవితంలో నేను క్షమించలేని ఆ మాట అన్నాడు. "బాబూ, తొందరపడకండి. ఇది మొదటి భాగం. నూకాలు సావలేదు. ఊపిరి ఆగినట్టయింది గాని పేనం పోలేదు. రెండో భాగంలో లెగుత్తాది. కాకపోతే మొదటిది సదవకపోతే రెండోది అర్తమవదు."

నేను గొంతు చించుకుని అరిచాను. రెండో భాగం లేదన్నాను. ఆమె నిజంగా చచ్చిపోయిందన్నాను, నన్ను నమ్మండన్నాను. మైకు బావ దగ్గర ఉంది గనక ఎవరికీ వినబడలేదు. చీకటి పడే వేళకి బల్ల ఖాళీ అయింది. మర్నాడు ఇంటికే వచ్చి మిగతావీ పట్టుకుపోయారు. అక్క ఆ గదిలో ఉయ్యాల కట్టించుకుంది.

బావతో మాటలు మానేశాను. ఆయన అది గమనించినట్టు లేదు. బస్సులో, పోర్టు గేటు దగ్గర, మంగలి షాపులో ముఖం తెలియని వాళ్లు పలకరించేవారు. "నూకాలు లెగిసిందా?" అని, ఆస్పత్రిలో ఉన్న మేనత్తను అడిగినట్టు. అక్కకు కూతురు పుట్టాక ఆస్పత్రికి చూడ్డానికి వెళితే, మంచం మీద అక్క మొదట అడిగింది కూడా అదే. ఇంక తప్పక కూర్చుని రాశాను. మొదటి భాగంలో పాడె కూడా కట్టించేశాను గనక, దాని మీద వాన కురిపించి, నూకాలు చేత దగ్గించి, పళ్లు కొరుక్కుంటూ ఆమెను లేపాను. లేచాక మాత్రం ఆమె నా మాట వినలేదు. కొట్టు పెట్టుకుంది, పడవ కొంది, నేనిచ్చిన విషాదాన్ని పూచికపుల్లలా తీసిపారేసింది. తరువాత నేను చాలా గంభీరమైన పుస్తకాలు రాశాను. వాటి సంగతి ఎవరూ అడగరు.

ఈ మధ్య కుర్ర రచయితలు వచ్చి, పుస్తకాన్ని జనంలోకి ఎలా తీసుకెళ్లాలి మాస్టారూ అని అడుగుతుంటే, పాత కోపం ఒక్కసారి తన్నుకొస్తుంది. అది తగ్గాక, ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయి, మైకు లేని చేతులు ఊపుతూ, ఆమె చచ్చిపోయింది బాబూ అని జనాన్ని బతిమాలుతున్న ఆ బక్క మనిషి కళ్ల ముందు కనబడతాడు. లోకంలో లేని ఒక ఆడమనిషి బతకాలని అంతమంది తనతో దెబ్బలాడుతున్నారు. రచయితకు అంతకన్నా కావలసింది లేదని అతనికి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు. చాలా కోపంలో ఉన్నాడు.