శుక్రవారం కూటంలో తిరిగిన చక్రం

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ధైర్యం ఎక్కువై కాదు. మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరి. చనిపోయినవాళ్లు దేవుని చేతిలో ఉంటారని, వాళ్లు మన ఇళ్ల చుట్టూ తిరగరని, వాళ్లను పిలవడం, వెతకడం వాక్యానికి విరుద్ధమని మాకు చిన్నప్పుడే నేర్పారు. ఎవరైనా వచ్చి ఇంట్లో ఏదో చప్పుడవుతోందని చెబితే, ముందు అటక మీద ఎలుకలున్నాయేమో చూసుకోమనేవారు. నేనూ ఎవరికైనా అదే చెబుతాను. అందుకే ఇది రాయడానికి నాకు ఏడాది పట్టింది.

ఇందులో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. అది ముందే చెబుతున్నాను.

మేము సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్‌లో ఉంటాం. మా ఆయన కిరణ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మా అమ్మాయి కెజియాకు ఇది జరిగినప్పుడు పదకొండేళ్లు. నాలుగేళ్ల క్రితం డాక్టరు బరువు తగ్గమంటే కిరణ్ సైకిల్ కొన్నారు. బరువు ఏడాదిలోనే తగ్గింది. సైకిల్ మాత్రం ఆగలేదు.

ఇక్కడ సైకిల్ తొక్కేవాళ్లు ఆదివారం తెల్లవారుజామునే గుంపుగా బయలుదేరతారు, రోడ్లు ఖాళీగా ఉంటాయని. మా ఆరాధన పది గంటలకు. మొదట్లో కిరణ్ తొమ్మిదింటికల్లా వచ్చి, స్నానం చేసి, మాతో రైలెక్కేవారు. తర్వాత ఆరాధన సగమయ్యాక వచ్చి చివరి వరసలో కూర్చునేవారు. ఆ తర్వాత రావడమే మానేశారు.

ఆఫీసులో ఆయన స్నేహితుడు మురళి వరంగల్ అబ్బాయి. ఇద్దరూ కలిసి ఆల్ప్స్ పర్వతాల్లో కనుమలు దాటాలని పెట్టుకున్నారు. రెండు వేల మీటర్లకు పైన, మూడు నాలుగు గంటలు ఆగకుండా ఎక్కాల్సిన దారులు. సింగపూర్‌లో అలాంటివి ఎక్కడున్నాయి? ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. దాన్ని కొండ అనడానికి కూడా కాస్త మొహమాటపడాలి.

అందుకని ట్రైనర్ కొన్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. అది నేల మీద కదలకుండా ఉండే బరువైన ఇనుప స్టాండు. సైకిల్ వెనక చక్రం తీసేసి, చైన్‌ను దీనికి తగిలిస్తారు. తొక్కితే పక్కనున్న ఇనుప చక్రం తిరుగుతుంది. కరెంటు పెడితే, తెర మీద కనిపించే కొండ ఎంత నిటారుగా ఉంటే కాళ్ల మీద అంత బరువు వేస్తుంది. ఆయన కెజియా చదువుకునే గదిలో దాన్ని పెట్టి, ఆఫీసు నుంచి రాగానే రెండేసి గంటలు తొక్కేవారు. కింద పరిచిన రబ్బరు చాప మీద చెమట మడుగు కట్టేది. ఆరాక తెల్లగా ఉప్పు చారలు మిగిలేవి. అవి కడిగేది నేనే.

మా సంఘంలో పెద్దావిడ సుందరమ్మ ఆంటీ ఒకసారి ఆ గది గుమ్మంలో నిలబడి చూశారు.

“ఎంతసేపు తొక్కినా ఇక్కడే ఉన్నావేం కిరణ్?”

“ఇవాళ వెయ్యి మీటర్లు ఎక్కాను ఆంటీ.”

“ఎక్కితే ఎక్కావులే. దిగొచ్చి టీ తాగు.”

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను గానీ నాకు లోపల మండిపోతోంది.

ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. పది పన్నెండు మంది వస్తారు. సుందరమ్మ ఆంటీ దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది. అందులో అందరి ప్రార్థన మనవులు రాసి ఉంటాయి. ఆమె ఒక్కొక్కటీ చదువుతారు, అందరం కలిసి ప్రార్థిస్తాం. మనవికి జవాబు వచ్చేదాకా దాన్ని కొట్టెయ్యరు. మూడేళ్లుగా చదువుతున్న మనవులు కూడా ఉన్నాయి.

నేను అందులో ఒకటి రాయించాను. కిరణ్‌కు ఆ కొండల దారి మూసెయ్యి ప్రభువా, అడ్డుపెట్టి నీ మందిరానికి తిప్పు అని. ఆయన శుక్రవారాల్లో ఆలస్యంగా వస్తారు కాబట్టి ఆయనకు తెలియదు. ఆరు నెలలు ఆ మనవి మీద పన్నెండు మంది ఆమెన్ చెప్పారు.

దారి మూసుకోలేదు. సెప్టెంబరులో, కెజియా స్కూలు సెలవులు అయిపోయిన వారం, ఆయన సైకిల్‌ను పెద్ద సంచిలో సర్దుకుని బయలుదేరారు. లిఫ్టు దగ్గర నాతో, “నాకోసం ప్రార్థన చేయిస్తావుగా?” అన్నారు. తలూపాను. నోటుపుస్తకంలో ఉన్నది మార్పించాలని నాకు తట్టనైనా లేదు.

ఆయన వెళ్లాక గది సర్దాను. చాప బాల్కనీలో కడిగి, ఆరబెట్టి, మళ్లీ పరిచాను. ట్రైనర్ ప్లగ్గు పీకేసి, వైరు చుట్టి నేల మీద పెట్టాను. సైకిల్ ఆయనతోనే ఉంది. గదిలో మిగిలింది ఆ ఇనుప స్టాండు, ఫ్యాను, కెజియా బల్ల.

నాలుగో రోజు శుక్రవారం. ఆయన ఎక్కడున్నారో ఫోన్‌లో చూసుకోవడానికి ఒక లింకు పంపేవారు. అందులో మ్యాపు మీద చిన్న నీలం చుక్క కదులుతుంది. మాకు సాయంత్రం ఏడున్నర అంటే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పాటలు పాడుతుండగా కెజియా ఫోన్ పట్టుకుని నా పక్కన చేరి, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో గుసగుసగా అంది.

“మమ్మీ, డాడీ డాట్ నాట్ మూవింగ్ లా.”

చుక్క కనుమ శిఖరానికి రెండు కిలోమీటర్ల కింద ఆగి ఉంది. ఏదో తింటూ ఉంటారని ఫోన్ బోర్లా పెట్టమన్నాను. పది నిమిషాలయ్యాక మళ్లీ చూశాను. అక్కడే ఉంది. వంటింట్లోకి వెళ్లి ఫోన్ చేశాను. మోగింది గానీ ఎత్తలేదు. మురళికి చేశాను. అతనూ ఎత్తలేదు. వచ్చి మోకరించాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

సుందరమ్మ ఆంటీ నోటుపుస్తకం చదవడం మొదలుపెట్టారు. ఒకరి ఉద్యోగం, ఒకరి కాన్పు, ఒకరి తల్లిగారి ఆపరేషను. తర్వాత ఎప్పటిలాగే, అదే గొంతుతో, “కిరణ్‌కు ఆ కొండల దారి మూసెయ్యి ప్రభువా, అడ్డుపెట్టు” అన్నారు. గదిలో అందరూ ఆమెన్ అన్నారు.

నా పెదవులు కూడా కదిలాయి. అలవాటు.

అప్పుడు ఆ చుక్క ఎందుకు ఆగిందో నాకు తెలిసిపోయినట్టు అనిపించింది. వద్దు అనాలనుకున్నాను. చిన్నప్పటి నుంచి ప్రార్థనలో నాకు మాటలు వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. ఆ నిమిషంలో ఒక్క మాట కూడా రాలేదు.

శబ్దం అప్పుడు మొదలైంది. సన్నగా మొదలై గట్టిపడే ఝుమ్మనే మోత. కెజియా గదిలోంచి. కూటంలో ఒకాయన కళ్లు తెరిచి ఏసీ వైపు చూశారు. ఏసీ ఆఫ్ చేసి ఉంది. నాకూ కెజియాకూ మాత్రం అదేమిటో తెలుసు. ఆరు నెలలుగా రోజూ విన్న మోత.

తలుపు తీశాను. లైటు వేశాను. ట్రైనర్ చక్రం తిరుగుతోంది. సైకిల్ లేదు, చైన్ లేదు. ప్లగ్గు నేల మీద నేను పెట్టిన చోటే ఉంది. గడియారం చూశాను, ఏడూ యాభై నాలుగు. ఆ చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పితే ఒక నిమిషంలో ఆగిపోతుంది. తర్వాత నేనే ఎన్నోసార్లు తిప్పి చూశాను.

చెయ్యి దగ్గర పెట్టాను. ఇనుము వేడిగా ఉంది. కరెంటు ఉండి, బరువు వేస్తేనే అది వేడెక్కుతుంది. వంగితే చాప తడిగా కనిపించింది. హ్యాండిల్ ఉండాల్సిన చోటి కింద చుక్కలు చుక్కలుగా. ముట్టుకుంటే జిగురుగా ఉంది.

అందరూ గుమ్మంలో నిలబడ్డారు. సుందరమ్మ ఆంటీ చెయ్యెత్తి, అపవాదిని, అంటే సైతానును, యేసు నామంలో గద్దించడానికి ముందుకు వచ్చారు. నేను నేర్చుకున్నదీ అదే. మా నాన్నగారు ఉంటే అదే చేసేవారు. కానీ నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“ఆపొద్దు ఆంటీ.”

“అదేంటమ్మా, ఏం మాట్లాడుతున్నావ్?”

“ఆపొద్దు. మీకు దణ్ణం పెడతాను.”

ఎందుకన్నానో తెలియదు. ఆమె నన్ను చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. పరాయిదాన్ని చూసినట్టు చూశారు.

వెనక నుంచి కెజియా, “మమ్మీ, మూవింగ్ ఆల్రెడీ,” అంది. ఫోన్ నా ముందు పెట్టింది. చుక్క కదులుతోంది. మెల్లగా, మలుపు మీద మలుపు తిరుగుతూ పైకి.

అక్కడే నిలబడ్డాం. ఎవరూ ప్రార్థన చేయలేదు, ఎవరూ పాడలేదు. వీడియో తీయాలని కూడా ఎవరికీ తోచలేదు. తర్వాత ఈ సంగతి విన్నవాళ్లందరూ మొదట అడిగింది దాని గురించే. నిటారు మలుపుల దగ్గర మోత బరువెక్కేది, మళ్లీ తేలికయ్యేది. ఇది నా ఊహ అయ్యుండొచ్చు. ఎనిమిదీ పన్నెండుకు చుక్క శిఖరం మీద ఆగింది. చక్రం నెమ్మదించి, ఒకసారి టక్కుమని ఆగింది.

నలభై నిమిషాల తర్వాత మురళి ఫోన్ చేశాడు. “వదినా, మంచిగనే ఉన్నడు, భయపడకు,” అని మొదలుపెట్టేసరికే నేను ఏడ్చేశాను.

జరిగింది ఇది. మురళి ముందు వెళ్లిపోయాడు. వెనక మంచుతో కలిసిన వాన పట్టుకుంది. కిరణ్ చేతులు మొద్దుబారి బ్రేకు కూడా పట్టుకోలేక రోడ్డు పక్కన రాయికి ఆనుకుని కూర్చున్నారు. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుందామనుకున్నారు. అంతవరకే ఆయనకు గుర్తు. శిఖరం మీదున్న సత్రం వాళ్లు తలుపు తీసేసరికి ఆయన గోడకు ఆనుకుని ఉన్నారు, సైకిల్ పక్కనే ఉంది. ఇంకో అరగంట కిందే కూర్చుని ఉంటే బతికేవారు కాదని అక్కడి డాక్టరు అన్నారట.

దారిలో ఒక్కటి మాత్రం గుర్తుందని ఇంటికి వచ్చాక చెప్పారు. “చాలా ఉక్కగా ఉండింది. నువ్వు ఫ్యాన్ ఎందుకు వెయ్యలేదా అనుకున్నా,” అన్నారు. చలికి స్పృహ తప్పేవాళ్లకు అలా వేడిగా అనిపించడం మామూలేనని డాక్టరు చెప్పారు. కావచ్చు.

కిరణ్ సైకిల్‌కు చిన్న కంప్యూటరు ఉంది. పెడల్ మీద పడే బలాన్ని కొలిచే మీటరు కూడా ఉంది. ఆయన స్వయంగా ఆ రోజు లెక్కలు తీసి నాకు చూపించారు. ఆ పద్దెనిమిది నిమిషాల్లో సైకిల్ దాదాపు రెండు కిలోమీటర్లు పైకి వెళ్లింది. పెడల్ బలం సున్నా. పెడల్ తిరిగిన సంఖ్య సున్నా. ముందూ తర్వాతా మీటరు సరిగ్గానే పనిచేసింది.

చలికి మీటరు ఆగి ఉంటుందని, సైకిల్ తోసుకుంటూ నడిచి ఉంటాడని మురళి అంటాడు. నేనూ అదే నమ్మాలనుకున్నాను. కానీ సైకిల్ బూట్ల అడుగున ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి, నాలుగడుగులు నడిస్తే అరుగుతాయి. ముందురోజు రాత్రే కొత్తవి బిగించుకున్నారు. వాటి మీద రెండు గీతలు తప్ప ఏమీ లేవు.

వచ్చాక కిరణ్ సైకిల్ అమ్మేశారు. భయం వేసిందని చెప్పారు. ఆదివారాలు మాతో రైలెక్కుతున్నారు. మొదటి వరసలో కూర్చుంటున్నారు. తర్వాతి శుక్రవారం సుందరమ్మ ఆంటీ నోటుపుస్తకం తెరిచి, ఎర్ర పెన్నుతో నా మనవిని కొట్టేశారు. జవాబు వచ్చిందన్నారు. సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పమన్నారు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. ఏమని చెప్పాలి? అడ్డుపెట్టమని అడిగింది నేను. అడ్డు వచ్చింది. మరి ఆ అడ్డు దాటించినదెవరు? ప్రభువే అయితే, మా అందరి ఆమెన్‌కు ఎదురుగా చేశారా? ప్రభువు కాకపోతే, ఆపొద్దని నేను ఎవరి పక్షాన నిలబడ్డాను? మా పాస్టరు గారిని విడిగా అడిగాను. దేవుడు మనం అడిగినది కాక మనకు అవసరమైనది ఇస్తాడని చెప్పారు. అది నాకు తెలుసు. చాప ఎందుకు తడిసిందో ఆయన చెప్పలేదు, నేను అడగనూ లేదు.

ఆ రోజు నేను ఒక్క మాటే చెప్పి కూర్చున్నాను. నా భర్త మీద ఆరు నెలలు ప్రార్థన చేయించాను, ఆయనకు తెలియకుండా, అని. కిరణ్ తల తిప్పి నన్ను చూశారు. రైలు దిగేముందు, “లిఫ్టు దగ్గర అడిగినప్పుడు చెప్పి ఉండాల్సింది,” అన్నారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ మాట నా చెవిలో తిరుగుతుంది.

మొన్న ట్రైనర్ కూడా అమ్మకానికి పెట్టారు. బూన్ లే నుంచి ఒక తెలుగు కుర్రాడు, యూనివర్సిటీలో చదువుతున్నాడట, తోపుడు బండి తెచ్చుకుని మరీ వచ్చాడు. తలుపు తీసింది నేనే.

“సారీ బాబూ, అమ్మట్లేదు,” అన్నాను.

కిరణ్ లోపల నుంచి వచ్చారు. “ఆ గది ఖాళీ చెయ్యమని పోరు పెట్టింది నువ్వేగా?”

“అవును. అమ్మొద్దు.”

కుర్రాడు మా ఇద్దరినీ చూసి, “పర్లేదు అక్కా,” అని ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

అది ఆ గదిలోనే ఉంది. ప్లగ్గు నేల మీదే ఉంది. శుక్రవారం కూటానికి కుర్చీలు సర్దాక, ఎవరూ రాకముందు ఒకసారి లోపలికి వెళ్లి చాప తడిమి చూస్తాను. ఇప్పటిదాకా పొడిగానే ఉంది. అది పొడిగా ఉందని ఊపిరి పీల్చుకుంటానో, దిగులు పడతానో నాకే తెలియదు. ఫ్యాన్ మాత్రం వేసి వస్తాను.