‘మీరు వింటే చాలు’ అన్న టీచరమ్మ

మా లెక్కల టీచరమ్మ పోయిన వారం కావలిలో, కూతురింట్లో కన్నుమూశారు. నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషి, కొంతకాలంగా మంచం మీదే ఉన్నారు. కబురు విని నేను ఉలిక్కిపడలేదు. కానీ ఆ రోజంతా ఏ పని పట్టుకున్నా ఆమె గొంతే చెవిలో ఉండింది. ఆమె మా ఇంటికి చేసిన మేలు ఏమిటో తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే రాస్తున్నాను.

అరవైల మొదట్లో మేము బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. మా నాన్న రైలు ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్. మా అమ్మకు చదువు లేదు. టీచరమ్మ మనుబోలు దగ్గర పల్లెలో, క్రైస్తవ రైతు కుటుంబంలో పుట్టి, నెల్లూరులో ట్రైనింగ్ చేసి మా హైస్కూలుకు వచ్చారు. అప్పటికి ఆమెకు ముప్పై కూడా నిండలేదు. తెల్ల చీర, మోచేతికి తగిలించుకున్న నల్ల గొడుగు. లెక్క తప్పయితే మాస్టర్లందరిలాగా అడ్డంగా కొట్టేసేవారు కాదు. తప్పు ఎక్కడ మొదలైందో ఆ వరుస పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవారు. “ఇక్కడిదాకా బాగా నడిచినావు. ఇక్కడ ఏమైందో చూసుకో” అనేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు నోటుబుక్కు అందిస్తుంటే నా చేతి మీద వాతలు చూశారు. ఎవరు కొట్టారని అడిగితే చెప్పాను. భిన్నాలు రాలేదని మా నాన్న బెల్టు తీసినాడని.  ఆ ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా మా క్వార్టర్‌కు వచ్చారు.

నాన్న డ్యూటీ దిగి నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. అమ్మ చాప వేసింది.

“పాపను కొట్టినారంట గదన్నా” అన్నారు టీచరమ్మ, మజ్జిగ గ్లాసు అందుకుంటూ.

“కొట్టకుండా లెక్కలు ఎట్టా వస్తాయి టీచరమ్మా? మాకంతా అట్నే చెప్పినారు.”

“మరి మీకు వచ్చినాయా అన్నా?”

 నాన్న బయటకు చూస్తూ, “రాలేదు” అన్నాడు. తర్వాత తనే, “దాన్ని కొట్టాలని ఉంటాదా? నాకు చెప్పేదానికి చేతగాదు. ఇంకేం చెయ్యాలో తెలీదు” అన్నాడు. మా నాన్న నోట చేతగాదన్న మాట నేను వినడం అదే మొదలు.

“చెప్పే పని నాది. మీరు వింటే చాలు. బళ్ళో ఏం చేసిందో పాప చేత చెప్పించుకోండి. మధ్యలో అందుకోవద్దు.”

అమ్మ తలుపు చాటునుంచి, “మాకు తెలీని సంగతి వినేం లాభం అమ్మా?” అంది.

“తెలీకపోవడమే మంచిదక్కా. తెలిసినవాళ్ళు ఊరుకోలేరు, జవాబు చెప్పేస్తారు.”

ఆ మాట అమ్మ గట్టిగా పట్టుకుంది. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని, “ఏం చెప్పినారో చెప్పు” అనేది. మొదట్లో నాకు నామోషీగా ఉండేది. ఒకరోజు సగానికి మూడోవంతు కలిపితే అయిదింట రెండు వంతులని చదివి వినిపించాను. పైవి పైకి, కిందివి కిందికి కూడేశాను మరి. “అట్టు మీద చెప్పు, నాకు తెలిసేట్టు” అంది అమ్మ. సగం అట్టు ఉంది, దానికి ఇంకో ముక్క కలిపాం అని మొదలుపెట్టి ఆగిపోయాను. కలిపాక సగం కంటే తక్కువ ఎట్లా అవుతుంది? నా తప్పు నా నోట్లోంచే నాకు వినబడింది.

“ఏమైంది?” అంది అమ్మ.

“తప్పు చేసినానమ్మా.”

“సరే, మళ్ళీ చెయ్యి” అని పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. తప్పేమిటో ఆమె అడగలేదు.

ఆ ఏడాదే టీచరమ్మ శనివారం మధ్యాహ్నం పిల్లల పక్కన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, పిల్లల చేత లెక్క చెప్పించే క్లాసు మొదలుపెట్టారు. తల్లులు కొందరు వచ్చారు. తండ్రులు డ్యూటీ అన్నారు. మా నాన్న ఒక శనివారం ఇంజన్ దిగినవాడు దిగినట్టే, బొగ్గు మసి పట్టిన నీలం చొక్కాతో వచ్చి నా బెంచీ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు బల్లకింద పట్టలేదు. నేను చెప్పడం మొదలుపెట్టీ పెట్టకముందే తల వాల్చి నిద్రపోయాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. లేపబోతే టీచరమ్మ వద్దన్నారు. “రాత్రంతా బొగ్గేసి వచ్చినాడు. ఇంటికి పోకుండా ఇక్కడికి వచ్చినాడు గదా. నువ్వు మెల్లిగా చెప్పు” అన్నారు. ఆ నిద్రపోయే మనిషికే నేను లెక్కంతా చెప్పాను.

తర్వాత చాలాసార్లు మేలుకునే విన్నాడు. బీజగణితం మొదలయ్యాక, “తెలీని దానికి పేరు పెట్టేదెందుకు పాపా?” అని అడిగాడు.  సోమవారం టీచరమ్మను అడిగి వచ్చి చెప్పాను. పేరుంటేనే గదా దాన్ని పట్టుకుని వెతికేది అన్నారని. నాన్నకు ఆ మాట నచ్చింది. ఆయన నన్ను మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదని చెప్పను. లెక్కలకు మాత్రం కొట్టలేదు.

అన్ని ఇళ్ళలో ఇట్లా జరగలేదు. ఒక గుమాస్తాగారు శనివారం క్లాసుకు వచ్చి కొడుకును అందరి ముందూ మొద్దు అని తిట్టాడు. రెండోసారీ అదే. టీచరమ్మ ఆయన్ను ఇక రావద్దన్నారు. ఆ అబ్బాయి కొన్నాళ్ళకు బడి మానేశాడు. ఆ సంగతి ఆమెను చాలాకాలం బాధపెట్టింది. “ఆయన్ను పిలవకుండా ఉండాల్సింది” అని నాతోనే అన్నారు, నేను పెద్దయ్యాక.

ఎనిమిదో తరగతి దాటాక తేలికైన జనరల్ లెక్కలా, పెద్ద లెక్కలనే కాంపోజిట్ లెక్కలా అని తేల్చుకోవాలి. కాంపోజిట్ లేకపోతే కాలేజీలో లెక్కల గ్రూపు దొరకదు. ఆడపిల్లలకు జనరల్ రాసేయడం మామూలు. నాకూ అట్లాగే రాశారు. తాను చెప్తే హెడ్మాస్టరుగారు వినరనీ, ఇంట్లోవాళ్ళు అడగాలనీ టీచరమ్మ కబురు పంపారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

“మా పాపకు పెద్ద లెక్కలు కావాల సార్” అన్నాడు.

“కష్టమయ్యా. ఇంట్లో చెప్పేవాళ్ళు ఎవరున్నారు ఆ పిల్లకు?”

“ఎవురూ లేరు సార్. పాపే మాకు చెప్తాది.”

హెడ్మాస్టరుగారు నా వైపు చూశారు, నాన్న వైపు చూశారు. తర్వాత కలం తీసి జనరల్ అన్న మాట కొట్టేశారు. బయట వరండాలో నిలబడి ఉన్న టీచరమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ తన క్లాసులోకి వెళ్ళిపోయారు. 

నేను నెల్లూరులో బీఎస్సీ లెక్కలు చదివి, ఉద్యోగం చేసి, రిటైరయ్యాను. నాన్న ఇంజన్ డ్రైవరు దాకా వచ్చి చనిపోయాడు, ఆయన తర్వాత అమ్మ. టీచరమ్మను చూడటానికి ఏటా కావలి వెళ్ళేదాన్ని.

పోయిన ఏడాది వెళ్ళినప్పటికి ఆమెకు చూపు బాగా తగ్గిపోయింది. దిండుకు ఆనుకుని కూర్చున్నారు. పక్కింటి చిన్నపిల్ల లెక్కల పుస్తకం తెచ్చుకుని వచ్చింది. వాళ్ళమ్మ వెంట వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఆ పిల్ల చెప్పుకుంటూ పోతూ ఒకచోట ఆగిపోయింది. వాళ్ళమ్మ ఏదో అనబోయింది. టీచరమ్మ ఆగమన్నట్టు మంచం మీంచి చెయ్యి కొంచెం ఎత్తారు. ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. ఆ పిల్ల పెన్సిలు కొరుకుతూ పైకప్పు వైపు చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి.