అక్కి బొమ్మ కింద పొక్కు

మా మేనత్త గార్లదిన్నె దగ్గరి పల్లె నుంచి, అనంతపురంలో నేను పనిచేసే ల్యాబుకు వచ్చిన రోజు ఆమె పొట్ట మీద ఎర్రటి సింహం ఉంది. పొక్కులు చూసి అక్కి లేచిందనుకుని, ఊరి కుమ్మరాయన చేత జాజు ఎర్రమట్టితో బొమ్మ రాయించుకుంది. మా వైపు అక్కి అంటే ఇప్పటికీ ముందు కుమ్మరి ఇంటికే పోతారు. రాసిన బొమ్మ దానంతటది రాలిపోయేదాకా కడగకూడదు, గోకకూడదు, ముట్టకూడదు. ఆయన సింహానికి మీసాలు కూడా పెట్టాడు. నాకు నవ్వు ఆగలేదు.

అత్త నవ్వలేదు. "అంటుకుంటాదేమో చెప్పు పాపా," అంది. కాన్పుకు వచ్చిన కూతురు, నాలుగో నెల నడుస్తున్న మనవరాలు ఇంట్లోనే ఉన్నారు. ఐదో నెల పడగానే బిడ్డను గోరంట్లకు, తండ్రి ఇంటికి పంపాలి. పొక్కులు లేచినప్పటి నుంచి అత్త ఆ బిడ్డను ఎత్తుకోలేదు. చెంబు, తట్ట వేరు చేసుకుని వసారాలో పడుకుంటోంది. "బిడ్డను ఎత్తుకోవచ్చునా, కూడదా? అదొక్కటే చెప్పు."

"రిపోర్టు రానీ అత్తా," అన్నాను. అది నా నోటికి అలవాటైన మాట. మైక్రోస్కోపు కింద చూడకుండా నేను ఒక్క మాట జారను. ఆ సంగతి పదిమందిలో గొప్పగా చెప్పుకుంటాను కూడా.

అక్కి ఒంటికి ఒక పక్కనే వస్తుంది, ఈమెకు రెండు పక్కలా, తొడల మీదా ఉన్నాయి, ఇది అక్కి కాదు అని చర్మం డాక్టరు చూడగానే తేల్చేశాడు. పగలని పొక్కు కోసం వెతికి, దాని అంచు నుంచి చిన్న ముక్క తీసి నాకు పంపించాడు.

ఈ పొక్కుల జబ్బుల్లో నన్ను ఎప్పుడూ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టేసే ప్రశ్న ఒకటుంది. చర్మం ఎక్కడ విడింది? పైచర్మం ఇటుకల గోడలాంటిది. ఈ జబ్బులొస్తే, రోగాలతో పోరాడాల్సిన మన ఒళ్లే పొరబడి సొంత చర్మం మీద పడుతుంది. ఒక జబ్బులో ఇటుకల మధ్య మట్టి కరిగి గోడ మధ్యలో చీలుతుంది. అది మొండిది, ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకో జబ్బులో ఇటుకలు బాగానే ఉంటాయి, గోడ గోడంతా పునాది మీంచి పైకి లేస్తుంది. అది వయసు మళ్లినవాళ్లలో ఎక్కువ, మందులకు కాస్త లొంగుతుంది.

అత్త స్లైడు పెట్టి చూశాను. చీలిక అడుగున ఒక వరుస కణాలు పునాదికి అంటుకుని ఉన్నాయి, గోడ మధ్యలో చీలినట్టు. అంటే మొండి జబ్బే. రిపోర్టు టైపు చేయబోయి ఆగాను. మట్టి కరిగితే ఇటుకలు విడివిడిగా పొక్కు నీళ్లలో తేలాలి కదా, ఒక్కటీ కనబడలేదు. పైగా పొక్కు పైకప్పు మీద ఏవో ఎర్రటి నలుసులు. వాటినే అరగంట చూశాను. జాజు!

వెంటనే ఫోన్ చేశాను. "అత్తా, డాక్టరు ముక్క తీసిన పొక్కు ఎప్పుడు లేచింది?"

"బొమ్మ కిందదా? అదే మొదటిది. వారం పైనే అయ్యిండాది. రాయించుకున్నంక దాని జోలికే పోలేదు మే."

మిగతా పొక్కులన్నీ చీర రాపిడికి చితికిపోయాయి. బొమ్మ కిందది మాత్రం భద్రంగా మిగిలింది. పగల్లేదు కాబట్టి కొత్తదే అనుకున్నాం, నేనూ డాక్టరూ. ఈ వారంలో దాని అంచుల నుంచి కొత్త కణాలు పాకి, అడుగున ఒక వరుస కట్టేశాయి. ఒళ్లు తనను తాను బాగుచేసుకుంటుంటే నేను దాన్ని జబ్బు అనుకున్నాను.

మళ్లీ పిలిపించాం. ఆ పొద్దున లేచిన పొక్కు నుంచి ఒక ముక్క, పక్కనున్న మంచి చర్మం నుంచి ఇంకోటి తీశారు. రెండోది ఉప్పునీళ్లలో వేసి బెంగళూరుకు పంపించాం. గోడ పునాది మీంచే లేచిందని నా స్లైడు చెప్పింది. ఒళ్లు ఎక్కడ దాడి చేసిందో వెలిగించి చూపే పరీక్షలో పునాది పొడుగునా ఆకుపచ్చ వెలుగు గీత కనబడిందని బెంగళూరు వాళ్లు చెప్పారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అత్త రిపోర్టుకు వచ్చేసరికి రెండు వారాలు దాటాయి. ఎదురుగా కూర్చోబెట్టుకుని గోడ, పునాది, నేను ముందు మొండి జబ్బని పొరబడటం, పచ్చగీత అన్నీ చెప్పుకుంటూ పోయాను. మాత్రలు సరిగ్గా మింగితే తగ్గుతుందన్నాను. ఆమె ఓపిగ్గా వింది.

"అయితే అంటుకోదు కదా?"

"అంటుకోదు."

"ముందు అనుకుంటివే, ఆ మొండిది? అదైతే?"

"అదీ అంటుకోదత్తా. రెండూ అంటుకోవు."

"ఆ సంగతి నేనొచ్చిన పొద్దే నీకు తెల్సునా?"

తెలుసు. డాక్టరు అక్కి కాదన్న నిమిషం నుంచీ తెలుసు. గోడ ఎక్కడ విడిందో తెలుసుకోవాలన్న తహతహలో, ఆమె అడిగిన ఒక్క మాటకు జవాబు చెప్పాలన్న ధ్యాసే నాకు లేకపోయింది. సిగ్గుతో తల ఊపాను.

"మొన్న ఆదివారం కూతురి అత్త వచ్చి తల్లీబిడ్డల్ని గోరంట్లకు పిల్చుకపోయె," అంది అత్త. "ఆటో ఎక్కేటప్పుడు బిడ్డ నా దిక్కు చేతులు సాపింది పాపా. నేను చేతులు యెనక్కు పెట్టుకుంటి."