తల్లుల వైపు లెక్క

బుర్మాకాన్ ఇంట్లో పసిపిల్లల ఊసెత్తేవారు కారు. కోడలు కన్యషాయ్ ఇద్దరిని కని ఇద్దరినీ మట్టిలో పెట్టింది. ఒళ్లంతా చీముపొక్కులు, వాచిన ఎముకలు, ఎగశ్వాస. నెల తిరగకుండానే అంతా అయిపోయేది. ఊరు కోడలి పాదాన్ని ఆడిపోసుకుంది. అత్తగారు బుర్మాకాన్ కాదనలేదు. అల్బర్స్తి పట్టిందన్నారు. బాలింతల గదిలో దూరే ఆ పిశాచి పేరెత్తితే మళ్లీ వస్తుందని నరీన్ లోయలో అందరికీ భయమే.

మూడోవాడికి 'ఉండిపో' అనే అర్థంలో తుర్సున్ అని పేరు పెట్టారు. పేరు విననట్టే పొక్కులు లేచాయి. కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని బుర్మాకాన్ రాజధాని బిష్కెక్‌లోని పెద్దాసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరమ్మ అనారా ఎక్స్‌రే పక్కన పెట్టింది. "క్రిమి ఏదీ దొరకలేదు. మందులు పనిచెయ్యట్లేదు. ఎముకలు, చర్మం, ఊపిరితిత్తులు, అన్నీ వాచాయి. ఒళ్లు తనకు తానే నిప్పు పెట్టుకుంటోంది. ఇంతకీ మీరు ఆలుమగలు దగ్గర చుట్టాలా?"

కొడుకు సూరోన్‌బాయ్ భగ్గుమన్నాడు. "అవేం మాటలమ్మా! ఏడు తరాల తండ్రుల పేర్లు అప్పజెబుతా, వినండి. కలిస్తే మాలో పెళ్లే చెయ్యరు. దీని పుట్టింటికీ మాకూ ఒక్క పేరు కలిసిందా, మీసం గొరిగించుకుంటా!"

"తండ్రుల లెక్క సరేనయ్యా. తల్లుల వైపు?"

ఆ లెక్క ఎవరు వేస్తారు? మీసాలున్నది తండ్రులకే కదా! కన్యషాయ్‌ని ఏరికోరి తెచ్చింది బుర్మాకానే. తన తల్లి చెల్లెలికి మనవరాలు.

తల్లి ఒడిలో పోయిన బుర్మాకాన్ తమ్ముళ్లకూ ఇవే పొక్కులు. మొదటి మనవడి పొత్తిగుడ్డ విప్పిన రోజే ఆవిడ గుర్తుపట్టింది. చెబితే మచ్చ పుట్టింటి మీద పడుతుందని నోరు కుట్టుకుంది. రెండోసారీ అంతే.

ఇప్పుడు చెప్పకపోతే వీడూ పోతాడు. చెప్పింది. తమ్ముళ్ల సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పింది.

ఆ కబురుతో డాక్టరమ్మకు దారి దొరికింది. పిల్లాడి రక్తం పరాయి దేశం వెళ్లి జవాబు తెచ్చింది. ఒంటి మంటను ఆపే పదార్థం ఒకటి వాడికి పుట్టుకతోనే లేదట. రోజూ సూదితో ఎక్కించాలట. సూది పడ్డాక పొక్కులు ఎండాయి, ఊపిరి కుదుటపడింది.

ఎవరూ లేనప్పుడు బుర్మాకాన్ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "ముందు ఇద్దరప్పుడే చెప్పి ఉంటే?"

డాక్టరమ్మ దాచలేదు. "మందు అప్పుడూ ఉంది పెద్దమ్మా."

ఇంటికి వెళ్లే బస్సులో కన్యషాయ్ అడిగింది. "అత్తయ్యా, ఈ సూది పడుంటే వాళ్లిద్దరూ బతికేవాళ్లా?"

"అప్పటికి ఈ మందు పుట్టలేదే తల్లీ."

పెళ్లయిననాటి నుంచీ అత్తగారికి ఆమడ దూరాన మసిలిన పిల్ల, ఆవిడ భుజం మీద వాలిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. "మీరు నోరు విప్పబట్టే వీడు దక్కాడు అత్తయ్యా."

బుర్మాకాన్ ఆ తల నిమురుతూ ఉండిపోయింది. తుర్సున్ హాయిగా నిద్రపోతున్నాడు. ఆవిడ చెవుల్లో మాత్రం పోయినవాళ్లిద్దరూ ఏడుస్తూనే ఉన్నారు.